శామీర్‌పేట అని కొట్టి చూస్తే

భూకంపాల జాబితాల్లో మేడ్చల్ పేరుంది. 1983 జూన్ 30న అక్కడ భూమి కదిలింది. తీవ్రత నాలుగున్నర ప్రాంతంలో. హైదరాబాద్ చుట్టుపక్కల పరికరాలకు చిక్కిన భూకంపాల్లో చెప్పుకోదగ్గ వాటిలో అదొకటి. అప్పటికి మేడ్చల్ అంటే ద్రాక్ష తోటలు, నాగపూర్ రోడ్డు, నిజామాబాద్ వైపు వెళ్లే మీటర్ గేజి రైలు. ఇప్పుడు అక్కడి అపార్ట్‌మెంట్లలో ఉంటున్న వాళ్లలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. పుట్టినా వేరే ఊళ్లలో ఉండి ఉంటారు. తమ కాళ్ల కింద నేలకు ఇలాంటి చరిత్ర ఒకటుందని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఇంటర్నెట్‌లో మాత్రం అది ఎవరికైనా దొరుకుతుంది.

వారం పొడుగునా మన ఫోన్లలోకి వింతలూ వినోదాలూ వస్తూనే ఉంటాయి. నవ్వుకుంటాం, నలుగురికి పంపుతాం, మరిచిపోతాం. అందులో తప్పేమీ లేదు. ఈ వారం నేను వెతికే చోటు మార్చాను. శాస్త్రవేత్తలు తమ పని కోసం కూడబెట్టి, తాళం వేయకుండా అందరికీ తెరిచి ఉంచిన సమాచారం ఇంటర్నెట్‌లో బోలెడుంది. ఉపగ్రహ చిత్రాలు, భూకంపాల పట్టికలు, పక్షుల లెక్కలు, పంట రకాల జాబితాలు, జన్యుక్రమాలు. వాటిలో మేడ్చల్, శామీర్‌పేట పేర్లు కొట్టి చూస్తూ పోయాను. ఒకదాన్ని పట్టుకుంటే ఇంకొకటి దొరికింది. చూస్తున్నకొద్దీ ఒక సంగతి స్పష్టమైంది. ప్రతి రికార్డు వెనకా ఎవరో ఒకరు ఉన్నారు. వాళ్లు దేనితో చూశారు, ఏ వేళప్పుడు చూశారు అన్నది తెలిస్తేనే ఆ రికార్డును సరిగ్గా చదవగలం.

భూకంపం సంగతే తీసుకుందాం. భూమి కదిలినప్పుడు ముందుగా వచ్చేది పీ తరంగం. గట్టి రాయిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దాని వెనక ఎస్ తరంగం వస్తుంది. వేగం సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఇళ్లను ఎక్కువగా ఊపేది ఈ రెండోదే. ఈ రెండింటి రాకకు మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో చూసి భూకంపం ఎంత దూరంలో పుట్టిందో లెక్కకడతారు. ఒక్కో సెకను తేడాకు ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు దూరం. 2024 డిసెంబర్ 4 పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ములుగు అడవుల నుంచి మేడ్చల్‌కు నేరుగా కొలిస్తే సుమారు 200 కిలోమీటర్లు. అంటే పరికరం పట్టుకునే మొదటి సన్నని కుదుపుకీ, ఇంట్లో ఫ్యాన్లు ఊగే రెండో ఊపుకీ మధ్య మేడ్చల్‌లో దాదాపు పాతిక సెకన్ల వ్యవధి. ఫోన్లకు ముందస్తు హెచ్చరిక పంపే ఏర్పాట్లు బతికేది ఆ వ్యవధి మీదే.

ఒక కేంద్రంలోని పరికరం దూరం చెప్పగలదు కానీ, కుదుపు పుట్టిన చోటును ఒక్కటే ఖాయం చేయలేదు. మూడు కేంద్రాల నుంచి ఆ దూరాలతో వృత్తాలు గీస్తే, అవి కలిసే చోట భూకంప కేంద్రం దొరుకుతుంది. 1961లో ఏర్పడ్డ ఎన్జీఆర్ఐ, అంటే ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, చేసే పనుల్లో ఇదీ ఒకటి. 2016 అక్టోబర్‌లో జిల్లాల విభజన జరిగాక ఉప్పల్ కూడా మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకే వచ్చింది. కాబట్టి మేడ్చల్ భూకంపం గురించి అడగాల్సిన వాళ్లు ఇప్పుడు మేడ్చల్ జిల్లాలోనే ఉన్నారు.

పాత భూకంపాల పట్టికలు తెరిచి, లోతు రాసే గడి మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పోండి. చాలా వాటికి ఒకటే అంకె కనిపిస్తుంది: 33 కిలోమీటర్లు. మరికొన్నింటికి 10. ప్రపంచంలో ఇన్ని భూకంపాలు సరిగ్గా ఒకే లోతులో ఎలా పుట్టాయి? పుట్టలేదు. పరికరాలు దూరంగా ఉన్నప్పుడు లోతు తేల్చడం చాలా కష్టం. అలాంటప్పుడు లెక్క ముందుకు సాగడానికి ఆనవాయితీగా ఒక అంకె వేస్తారు. 33 అంటే భూమి పైపొర సగటు మందం నుంచి తీసుకున్న అంకె. తెలిసినవాళ్లు ఆ అంకెను చూడగానే లోతు తేలలేదని అర్థం చేసుకుంటారు. తెలియనివాళ్లు దాన్ని కొలత అనుకుంటారు. నాకు ఈ వారం అన్నిటికన్నా నచ్చిన వింత ఇదే.

ఇంతకీ ఈ నేల ఎందుకు కదిలింది? మేడ్చల్, శామీర్‌పేట గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, నైస్ రాళ్లు. హిమాలయాల వంటి కుర్ర పర్వతాల కింద భూమి కదలడంలో ఆశ్చర్యం లేదు. ఇంత ముసలి రాయి కదలడం మీదే ప్రశ్న. భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరంగా పోతూ ఆసియాను నెడుతోంది. ఆ నెట్టుడు భారం దక్కన్ రాళ్లలోనూ పేరుకుంటుంది. పాత పగుళ్లు ఉన్నచోట అది అప్పుడప్పుడు కొంచెం కొంచెంగా సడలుతుంది. వానాకాలంలో నీళ్లు పగుళ్లలోకి దిగితే ఆ సడలింపు మరింత తేలికవుతుంది. హైదరాబాద్‌లోని బోరబండలో 2020 అక్టోబర్‌లో జనాన్ని రాత్రిళ్లు బయటికి పరుగెత్తించిన భూమిలోపలి శబ్దాలు ఈ కోవకు చెందినవే. తక్కువ లోతులో, గట్టి రాయిలో పుట్టే చిన్న కంపనాల పౌనఃపున్యం ఎక్కువ. మన చెవికి వినిపించేంత. అందుకే తీవ్రత ఒకటిన్నర కూడా లేని కుదుపు సైతం బాంబు పేలినట్టు వినిపిస్తుంది. తీవ్రత అంకెలు మామూలు కూడికలా పెరగవన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు. ములుగు 5.3కీ, మేడ్చల్ నాలుగున్నరకీ మధ్య తేడా వినడానికి చిన్నదే. శక్తిలో మాత్రం దాదాపు 16 రెట్లు.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైట్‌లో కుదుపు మీకు తెలిసిందా అని అడిగే ఫారం ఒకటి ఉంటుంది. నిద్రలో ఉన్నారా, వస్తువులు కదిలాయా, గోడలు బీటలు వారాయా వంటి ప్రశ్నలు. ప్రపంచంలో ఎవరైనా నింపొచ్చు. ఏ ఊళ్లో ఎంత ఊపు తెలిసిందో ఆ జవాబులతో పటం గీస్తారు. అందులో ఒక ఊరు ఖాళీగా కనిపిస్తే ఆ ఊరు ఊగలేదని కాదు. ఆ ఊళ్లో ఫారం నింపినవాళ్లు లేరని.

ఇక శామీర్‌పేట చెరువు. నిజాం కాలంలో కట్టింది. రాజీవ్ రహదారి మీదుగా కరీంనగర్ వెళ్లేవాళ్లు బాగా ఎరిగిన చెరువు. ఈ చెరువు గత నలభై ఏళ్ల జీవితాన్ని ఇంట్లో కూర్చుని చూడొచ్చు. యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం వాళ్లు 1984 నుంచి 2015 వరకు అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన 30 లక్షల చిత్రాలను కంప్యూటర్లతో చదివించి, భూమి మీద ఎక్కడెక్కడ ఎంతకాలం నీళ్లు నిలిచాయో పటం గీశారు. 2016లో అది నేచర్ పత్రికలో వచ్చింది. తర్వాతి ఏళ్లను కూడా కలుపుకుంటూ వచ్చారు. ఏడాదంతా నీళ్లుండే చోటు ముదురు నీలం. అరుదుగా నీళ్లు వచ్చే చోటు గులాబీ రంగు. ఒక చెరువు మీద దాన్ని తెరిస్తే నడుమ నీలం, చుట్టూ రంగు మారుతూ పోయే అంచులు కనిపిస్తాయి. ఆ అంచులే శిఖం భూములు. నీళ్లు వచ్చిన ఏడు చెరువు, రాని ఏడు పొలం. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం, అన్న మాట 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా వచ్చాక నగరంలో ప్రతి ఇంట్లో వినబడింది. ఆ మాట దేని గురించో కళ్లకు కట్టే పటం ఇది.

ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 వరకు ఉచితం కాదు. ఒక్కో చిత్రానికి వందల డాలర్లు పెట్టాల్సి వచ్చేది. అమెరికా ప్రభుత్వం ఆ ఏడాది వాటిని ఉచితం చేసింది. అప్పటిదాకా నాలుగు చిత్రాలు కొనుక్కుని పని చేసుకున్న శాస్త్రవేత్తలు లక్షల చిత్రాలతో ప్రపంచాన్నే చదవడం మొదలుపెట్టారు. 30 లక్షల చిత్రాల లెక్క అలా సాధ్యమైంది. మన దగ్గర 2009లో ఇస్రో భువన్ అనే ఉపగ్రహ పటాల వెబ్‌సైట్‌ను ప్రారంభించింది. దాన్ని నడిపే జాతీయ సుదూర సంవేదన కేంద్రం బాలానగర్‌లో ఉంది. అదీ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాయే.

ఆకాశం నుంచి చూసే యంత్రం నీళ్లను ఎలా గుర్తుపడుతుంది? రంగును బట్టి అనుకుంటాం. మన చెరువుల్లో నీలంగా కనిపించేవి ఎన్ని? వానాకాలంలో ఎర్రమట్టి రంగు, ఎండాకాలంలో పాచి పచ్చ. యంత్రం నమ్ముకునేది మన కంటికి కనిపించని పరారుణ కాంతిని. ఎరుపు దాటాక వెంటనే వచ్చే ఆ కాంతిని నీళ్లు దాదాపు పూర్తిగా మింగేస్తాయి. ఆకులు దాన్ని గట్టిగా వెనక్కి కొడతాయి. అందుకని చిత్రంలోని ప్రతి గడిలో ఆకుపచ్చ కాంతి ఎంత వచ్చింది, పరారుణ కాంతి ఎంత వచ్చింది అని పోల్చి చూస్తారు. ఆకుపచ్చ ఎక్కువగా, పరారుణం తక్కువగా ఉంటే నీళ్లు. తిరగబడితే చెట్టూ చేమా. ఎంత సులువైన లెక్కో, అంత గట్టి లెక్క.

గుర్రపు డెక్క వచ్చేవరకూ. మురుగు చేరిన చెరువు మీద గుర్రపు డెక్క పరుచుకుందంటే కింద నిండుగా నీళ్లున్నా పైన ఉన్నది ఆకులే. పరారుణ కాంతి ఆకుల మీద పడి వెనక్కి వస్తుంది. యంత్రం దాన్ని పచ్చని పొలం అని రాసుకుంటుంది. హైదరాబాద్ చుట్టూ ఎన్ని చెరువులు పటంలో ఇలా పొలాల్లా మారిపోయి ఉంటాయో ఊహించండి. నీటి విస్తీర్ణం తగ్గిందని పటం చెప్పినప్పుడు చెరువు ఎండిందా, ఆక్రమణ జరిగిందా, డెక్క కమ్మిందా అన్నది పటం ఒక్కటే చెప్పలేదు. ఎవరో ఒకరు కట్ట మీదికి వెళ్లి చూడాల్సిందే.

రెండో పరిమితి గడి సైజు. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 1,076 గజాలు. ఆ గడి మొత్తానికి ఒకటే రంగు. ఐదు 200 గజాల ప్లాట్లు కలిపినా ఒక్క గడిని నింపలేవు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 గడి 10 మీటర్లు, అంటే దాదాపు 120 గజాలు. దాని జంట ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి మన మీదుగా వెళ్తాయి. 120 గజాల గడిలో కొత్తగా లేచిన ఇల్లు తెలుస్తుంది కానీ ప్రహరీ గోడ సరిగ్గా ఎక్కడుందో తేలదు. 2019లో ఇస్రో పంపిన కార్టోశాట్-3 పావు మీటరు దాకా విడదీసి చూడగలదు. కాబట్టి ఫలానా గోడ చెరువులో ఉందని ఎవరైనా ఉపగ్రహ చిత్రం చూపిస్తే, అది ఏ ఉపగ్రహం చిత్రమో, ఏ తేదీదో, గడి ఎంతో అడగండి. ఈ ప్రశ్నలు రెండు వైపుల వాళ్లకూ మేలు చేస్తాయి.

తేదీతో పాటు వేళ కూడా. ఈ ఉపగ్రహాలు సూర్యుడితో లంకె వేసుకుని తిరుగుతాయి. శామీర్‌పేట మీదికి ఎప్పుడొచ్చినా కాస్త అటూఇటుగా పొద్దున పదిన్నర ప్రాంతంలోనే. నీడలు ఎప్పుడూ ఒకే తీరుగా పడాలని అలా పెట్టారు. దానివల్ల ఈ చెరువు సాయంత్రం ఎలా ఉంటుందో ల్యాండ్‌శాట్‌కు నలభై ఏళ్లలో ఎన్నడూ తెలియలేదు. మత్తడి దూకే రోజుల్లో చెరువు ఎలా ఉంటుందో కూడా చాలాసార్లు తెలియదు. ఎందుకంటే చెరువు నిండే కాలంలోనే పైన మబ్బు ఉంటుంది.

మబ్బును దాటి చూడాలంటే రాడార్ కావాలి. రాడార్ ఉపగ్రహం సొంతంగా మైక్రోవేవ్ తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటిని పట్టుకుంటుంది. పగలైనా రాత్రైనా, మబ్బైనా మంచైనా ఒకటే. గుట్టలు, ఇళ్లు, చెట్లు ఆ తరంగాలను నలుదిక్కులా చెదరగొడతాయి. కొంత వెనక్కి వస్తుంది. నిశ్చలంగా ఉన్న నీళ్లు నున్నగా ఉంటాయి కనుక ఏటవాలుగా వచ్చిన తరంగాన్ని అటే పంపేస్తాయి. వెనక్కి ఏమీ రాదు. కాబట్టి చెరువు చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. నున్నగా ఉండేది నీళ్లొక్కటేనా? కాదు. శామీర్‌పేటకు దక్షిణాన హకీంపేట, మేడ్చల్‌కు పడమట దుండిగల్, రెండు చోట్లా వైమానిక దళం రన్‌వేలున్నాయి. రాడార్ చిత్రంలో రన్‌వే కూడా నల్లగానే పడుతుంది. పొడుగాటి, తిన్నని చెరువులా. నీళ్ల పటం గీసే ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇలాంటివాటిని విడిగా ఏరి పక్కన పెట్టాలి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఇస్రో, నాసా కలిసి కట్టిన రాడార్ ఉపగ్రహం. అది 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. దాని సమాచారం అందరికీ ఉచితం. వానాకాలపు చెరువులను మబ్బుల వెనక నుంచి చూసే అవకాశం ఇప్పుడు మామూలు జనానికీ ఉంది.

గూగుల్ టైమ్‌లాప్స్‌లో మేడ్చల్ పెట్టుకుని 1984 నుంచి నడిపిస్తే రోడ్ల పక్క పచ్చని మచ్చలు ఒక్కొక్కటిగా బూడిద రంగుకు మారుతూ పోతాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఆ మార్పు వేగం చూస్తే గుండె బరువెక్కుతుంది. ఆ పచ్చని మచ్చల్లో కొన్ని ద్రాక్ష పందిళ్లు. అవి ద్రాక్షో వరో చెప్పడం 30 మీటర్ల గడుల నాటి ఉపగ్రహం వల్ల కాదు. ద్రాక్ష సంగతి ఇంకో చోట దొరికింది. జర్మనీలో గైల్వైలర్‌హోఫ్ అనే చోట ఉన్న పరిశోధన సంస్థ ప్రపంచంలోని ద్రాక్ష రకాలన్నిటికీ ఒక జాబితా నడుపుతోంది. హైదరాబాద్ చుట్టుపక్కల తోటలకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ అందులో ఉంది. మన దగ్గర దాని తర్వాత పాకిన గింజలేని థాంప్సన్ రకం కూడా ఉంది, వేరే పేరు కింద. థాంప్సన్ అనేది అమెరికాలో తగిలించిన పేరు. 19వ శతాబ్దంలో కాలిఫోర్నియాలో దాన్ని పెంచినాయన పేరు. టర్కీలో అదే సుల్తానా, ఇరాన్, అఫ్గానిస్తాన్ వైపు కిష్మిష్. డీఎన్ఏలో కొన్ని చోట్ల రెండు మూడు అక్షరాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఎన్నిసార్లు వస్తాయన్నది రకాన్ని బట్టి మారుతుంది. ఆ లెక్కలు పోల్చి చూస్తే ఇన్ని పేర్లదీ ఒకే మొక్క అని తేలుతుంది.

గింజలేని ద్రాక్షలో గింజ అసలే రాదనుకుంటాం. వస్తుంది. పువ్వు ఫలదీకరణ చెందాక పిండం మొదలై, కొద్ది వారాలకే ఆగిపోతుంది. నములుతుంటే నాలుకకు తగిలే మెత్తటి నూగు అదే. చిక్కేమిటంటే కాయను ఊరించే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను తయారుచేసేది గింజ. గింజ ఆగిపోతే కాయ చిన్నదిగానే ఉండిపోతుంది. అందుకే రైతులు ఆ హార్మోన్ మందు కలిపిన నీళ్లలో గుత్తుల్ని ముంచుతారు, లేదా పిచికారీ చేస్తారు. ఈ హార్మోన్ దొరికిన తీరు వినండి. జపాన్ వరి మళ్లలో ఒక తెగులు ఉండేది. నారు ఉన్నట్టుండి పక్కవాటికన్నా ఎత్తుగా, సన్నగా, పాలిపోయి పెరిగి వాలిపోయేది. 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త ఆ పని చేస్తున్నది ఒక బూజు విడుదల చేసే పదార్థమని చూపించాడు. ఆ పదార్థమే జిబ్బరెల్లిన్. వరిని పాడుచేసిన బూజు ఇచ్చిన మందు మేడ్చల్ ద్రాక్షను లావు చేసింది.

శీతల దేశాల్లో ద్రాక్ష తీగ చలికాలమంతా నిద్రపోతుంది. మన దగ్గర దాన్ని నిద్రపుచ్చే చలి లేదు. అందుకే ఇక్కడి రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేసి, ఒక్క పంటే తీసుకునే పద్ధతి నేర్చారు. ఎండాకాలం కత్తిరింపు కొమ్మ కోసం, అక్టోబర్ కత్తిరింపు కాయ కోసం. జర్మనీ జాబితాలో రకాల పేర్లున్నాయి, డీఎన్ఏ అంకెలున్నాయి. రైతుల చేతుల్లో ఉండిన ఈ నేర్పు అందులో లేదు. ఆ తోటలు పెంచినవాళ్లు ఇంకా మన మధ్య ఉండగానే ఎవరైనా కూర్చుని రాసుకోవాలి.

మేడ్చల్ మండలంలోనే అత్వెల్లి ఉంది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చిన ఊరు. అప్పటిదాకా దిగుమతి టీకా మామూలు కుటుంబానికి అందని ధరలో ఉండేది. ఆ సంస్థ స్థాపకుడు వరప్రసాద రెడ్డి పట్టుదల గురించి తెలుగువాళ్లకు బాగానే తెలుసు. తెలియనిది ఆ టీకాను తయారుచేసిన ఈస్ట్ కథ. దాని పేరు పికియా పాస్టోరిస్. చెట్ల రసంలో దొరికే జీవి. 1970లలో అమెరికాలో ఫిలిప్స్ పెట్రోలియం అనే చమురు కంపెనీ దాన్ని పట్టుకుంది. సహజవాయువు నుంచి వచ్చే మిథనాల్‌ను తిని బతకగల అరుదైన ఈస్ట్ అది. మిథనాల్ పోసి ఈస్ట్‌ను పెంచి, ప్రొటీన్ ఉన్న పశువుల దాణాగా అమ్మాలని వాళ్ల ఆలోచన. ఇంతలో చమురు సంక్షోభం వచ్చి మిథనాల్ ధర పెరిగింది, దాణా గిట్టుబాటు కాలేదు. కానీ ఆ ఈస్ట్‌లో మిథనాల్ తగలగానే జోరుగా పనిచేసే జన్యు మీట ఒకటుంది. ఆ మీట పక్కన మనకు కావలసిన జన్యువును పెడితే, మిథనాల్ పోయగానే ఆ ప్రొటీన్ తయారవుతుంది. హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును అక్కడ పెట్టారు. ఆ ప్రొటీన్ 226 అమైనో ఆమ్లాల గొలుసు. దాని క్రమం మొత్తం జెన్‌బ్యాంక్ అనే జన్యుక్రమాల ఖజానాలో అందరూ చూసేలా ఉంది. ఈస్ట్ తయారుచేసిన ఆ పైపొర ముక్కలు తమంతట తామే కలిసి చిన్న ఉండలవుతాయి. లోపల వైరస్ ఉండదు. మన ఒంటికి మాత్రం శత్రువు ముఖం పరిచయమవుతుంది. దాణా కోసం పెంచిన ఈస్ట్ పిల్లల కాలేయాన్ని కాపాడే టీకా ఇచ్చింది.

శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో ఇలాంటిదే ఇంకో పాత కణాల కథ ఉంది. భారత్ బయోటెక్ కొవాగ్జిన్ కోసం కరోనా వైరస్‌ను వీరో కణాల్లో పెంచింది. ఆ కణాలు 1962లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసినవి. మామూలు కణాలు కొన్నిసార్లు విభజన చెంది ఆగిపోతాయి. వీరో కణాలు ఆగలేదు. అరవై ఏళ్లు దాటినా ప్రపంచంలోని ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. వైరస్ వచ్చినప్పుడు మన కణాలు పక్క కణాలకు ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక పంపుతాయి. వీరో కణాలకు ఆ హెచ్చరిక తయారుచేయడం చేతకాదు. అందుకే వైరస్ అక్కడ అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. అలా పెరిగినదాన్ని రసాయనంతో చంపి టీకాగా మలిచారు. 2020 జనవరిలో చైనా నుంచి ఆన్‌లైన్‌లో పెట్టిన తొలి కరోనా జన్యుక్రమాన్ని మీరూ తెరిచి చూడొచ్చు. 30,000కు కొంచెం తక్కువ అక్షరాలు, మన పుస్తకాల లెక్కలో ఓ పదిహేను పేజీలు. చివర ఏ అనే అక్షరమే వరసగా వస్తూ పోతుంది. ప్రపంచాన్ని రెండేళ్లు ఇంట్లో కూర్చోబెట్టిన వైరస్ అంత చిన్న రాత.

చివరిగా పక్షులు. ఈ-బర్డ్ అని 2002లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర సంస్థ, ఆడబన్ సొసైటీ కలిసి మొదలుపెట్టిన వేదిక ఉంది. ఎవరైనా ఏ చెరువు దగ్గరో కాసేపు నిలబడి చూసిన పక్షుల జాబితాను అందులో పెట్టొచ్చు. మన దేశంలో ఆ జాబితాల మీదే 2023లో భారత పక్షుల స్థితి నివేదిక వచ్చింది. 30,000కు పైగా పక్షి ప్రేమికులు పంపిన సుమారు 3 కోట్ల నమోదులతో 942 జాతుల పరిస్థితిని లెక్కించారు. నెమళ్లు పెరిగాయి. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట తగ్గుతోంది. ఎంతగా అంటే, అంతర్జాతీయంగా దాని హోదాను మళ్లీ పరిశీలించాలని నివేదిక సిఫారసు చేసింది. దసరా నాడు దర్శనం కోసం ఊరి బయటికి వెళ్లే మనకు ఇది చిన్న వార్త కాదు. ఆ రోజు పంజరంలో పెట్టి చూపించే పాలపిట్టకు దణ్ణం పెట్టి డబ్బులివ్వడం ఆపినా దానికి కొంత మేలు చేసినవాళ్లమవుతాం.

ఈ జాబితాలను అంకెల్లా చదివితే ఒక విచిత్రం తేలుతుంది. నగరాల చుట్టూ ఆదివారాలు పక్షులు ఎక్కువ! పక్షులకు వారం తెలియదు. ఆదివారం సెలవున్నది చూసేవాళ్లకు. అందుకే ఈ-బర్డ్ ప్రతి జాబితాతో పాటు ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, కనిపించినవన్నీ రాశారా అని అడుగుతుంది. చివరి ప్రశ్నే కీలకం. అన్నీ రాశానని మీరు చెబితే, రాయని పక్షి మీకు కనబడలేదని లెక్క. వంద సంపూర్ణ జాబితాల్లో పాలపిట్ట ఎన్నింటిలో ఉందన్న నిష్పత్తి నుంచే తగ్గుదల బయటపడుతుంది. అరుదైన పక్షి దొరికినప్పుడే రాసి, కాకుల్ని వదిలేసే జాబితాలు ఈ లెక్కకు పనికిరావు.

గుర్రపు డెక్కను చూసి చెరువును పొలమని ఉపగ్రహం రాసుకున్న చోట, పొడుగాటి వేళ్లతో ఆకుల మీద నడిచే జకానాలు, ఊదారంగు నీటికోళ్లు ఉన్నాయని ఒక జాబితా చెబితే అక్కడ నీళ్లున్నాయని అర్థం. నీళ్లు లేని పొలంలో అవి ఉండవు. పైనుంచి చూసిన పటాన్ని కట్ట మీద నిలబడ్డ మనిషి సరిదిద్దగలడు. అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పక్షుల లెక్కింపులో పదిహేను నిమిషాలు చూస్తే చాలు. శామీర్‌పేట చెరువే కానక్కర్లేదు, మీ కాలనీ వెనక మిగిలిన కుంట అయినా సరే. రెండు కాకులు, ఒక గోరింక తప్ప ఏమీ కనబడకపోయినా ఆ జాబితా పంపండి. అది మంగళవారం నాటిదైతే మరీ మంచిది.